న్యూట్రల్ తెగిన పూట

మధురవాడలో ఉంటున్న మా అన్నయ్య కూతురికి ఈ మధ్యనే విద్యుత్ పంపిణీ శాఖలో సెక్షన్ ఇంజినీరుగా ఉద్యోగం వచ్చింది. చేరేముందు నా దగ్గరికి వచ్చి, "అత్తా, ఇంతకీ నువ్వు అన్నేళ్లూ రోజంతా ఏటి సేసేదానివి?" అని అడిగింది. ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్లు, సబ్‌స్టేషన్లు అంటూ మొదలుపెట్టి నేనే ఆగిపోయాను. అవన్నీ ఆ పిల్ల చదువుకున్న పుస్తకాల్లోనే ఉన్నాయి. విశాఖపట్నంలో నేను చేసిన ఉద్యోగంలో ఎక్కువ భాగం వాటిలో లేదు. కాలిపోయిన టీవీని పక్కన పెట్టుకుని కోపంగానో, ఏడుస్తూనో నిలబడ్డ మనిషితో మాట్లాడటమే అందులో సగం.

అప్పుడు తనకి చెప్పిన సంగతులే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో, నష్టపరిహారానికి ఏ కాగితం ఎవరికి పంపాలో ఇందులో ఉండదు. అవి ఆఫీసులో ఎవరిని అడిగినా చెబుతారు.

అసలు ఏం జరుగుతుంది

వీధి స్తంభాల మీద మూడు ఫేజు తీగలు, ఒక న్యూట్రల్ తీగ ఉంటాయి. ఒక్కో ఇంటికి ఒక్కో ఫేజు నుంచి కరెంటు వెళుతుంది. తిరిగి వచ్చేది మాత్రం అందరికీ ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్ మీదుగానే. ఫేజు తీగ తెగితే కరెంటు పోతుంది, జనం ఫోన్ చేస్తారు, మనం వెళ్లి అతుకుతాం. న్యూట్రల్ తెగితే మాత్రం కరెంటు పోదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. తిరిగి వచ్చే దారి మూసుకుపోయి, వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్లు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. ఒక ఇంట్లో బల్బు గుడ్డిగా వెలుగుతుంటే పక్కింట్లో వోల్టేజి ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపవుతుంది. ఆ ఇంట్లో టీవీ పొగ కక్కుతుంది, ఫ్రిజ్ టప్పుమని ఆగిపోతుంది.

మన ఊళ్లో ఇది మరీ ఎక్కువ. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి స్తంభాల మీది అతుకులను లోపల్లోపలే తినేస్తుంది. కింద నిలబడి చూస్తే తీగలను కలిపి పట్టి ఉంచే క్లాంపు బాగానే కనిపిస్తుంది. విప్పితే తెల్లటి పొడి రాలుతుంది.

మూర్తి గారి మొదటి ప్రశ్న

నేను ఉద్యోగంలో చేరింది గాజువాక వైపు ఒక సెక్షన్‌లో. మా పై అధికారి మూర్తి గారిది గోదావరి జిల్లా. ఆయన నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఫైళ్ల విషయంలో మహా బద్ధకస్తుడు. ఆయన దగ్గర పని చేసినంత కాలం ఆ బద్ధకం వల్ల మేం చాలా తిట్లు తిన్నాం. అయినా నాకు పని నేర్పింది ఆయనే అంటాను.

ఒక రోజు ఉదయం ఒకావిడ ఆటోలో టీవీని దుప్పట్లో చుట్టి తెచ్చి మా ఆఫీసు వరండాలో దించింది. వాళ్లాయన స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని, ఆ వేళ షిఫ్టులో ఉన్నాడు. మా గుమాస్తా ఆవిడను చూడగానే, ఇది మా బాధ్యత కాదు, ఇంటి వైరింగు చూపించుకోండి అంటూ మొదలుపెట్టాడు. ఆవిడ గొంతు పెంచింది. మూర్తి గారు లోపల్నుంచి వచ్చి, టీవీ వంక చూడకుండా ఆవిడకు కుర్చీ వేయించారు.

"ఇంట్లో మనుషులంతా బాగానే ఉన్నారా అమ్మా?" అని అడిగారు.

అప్పటిదాకా అరుస్తున్న మనిషి ఒక్కసారిగా ఏడవడం మొదలుపెట్టింది. ఆటోలో వాళ్లమ్మాయి కూర్చుని ఉంది. పొగ వస్తున్న ప్లగ్గును లాగబోయి అరచేయి కాల్చుకుందట. చేతికి తడిగుడ్డ చుట్టుకుని చప్పుడు లేకుండా కూర్చున్న ఆ పిల్లను మేమెవరం చూడలేదు. మూర్తి గారు అదే ఆటోలో వాళ్లిద్దరినీ ఆసుపత్రికి పంపించారు. చెయ్యి మానింది. తరువాత ఆ టీవీ కూడా బాగయిందని విన్నాను.

మూర్తి గారు దాని గురించి నాకు పాఠాలేమీ చెప్పలేదు. కానీ ఆ తరువాత ఎక్కడికి వెళ్లినా నేను మొదట అడిగే ప్రశ్న అదే అయింది.

మార్కెట్ వెనక సందు

ఇప్పుడు చెప్పబోయేది నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు జరిగింది. అప్పటికి పాతబస్తీ సెక్షన్ చూస్తున్నాను. ఎండాకాలం, భోజనాల వేళ. మా లైన్‌మ్యాన్ అప్పలరాజు ఫోన్ చేశాడు. మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మేడమ్, నాను పూర్ణా మార్కెట్ ఎనకాల సందులో ఉన్నాను. ఇళ్లల్లో సామాన్లు కాలిపోతన్నాయంటే పరిగెట్టుకొచ్చి ట్రాన్స్‌ఫార్మర్ ఆపీసేను. ఇప్పుడు జనం నన్ను ఎల్లనివ్వట్నేదు. మీరొత్తే బాగుంటది."

ఇంకో లైన్‌మ్యాన్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒరగాల్సినంత ఇరుకు సందు అది. కాలిన ప్లాస్టిక్ వాసన మొదట్లోనే తగిలింది. జనం మిక్సీలు, సెట్‌టాప్ బాక్సులు, ఫ్యాన్సీ లైట్లు చేతుల్లో పట్టుకుని వీధిలోకి వచ్చేశారు. ఒక బెల్లం కొట్టు మెట్ల మీద అప్పలరాజును కూర్చోబెట్టి చుట్టూ నిలబడ్డారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. కానీ అతని చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది.

అందరికన్నా ముందు నిలబడి మాట్లాడుతున్న మనిషి సన్యాసిరావు, ఆ కొట్టు యజమాని. నలభై దాటిన భారీ మనిషి.

"ఈడు పొద్దున్న సందు మొదట్లో స్తంభమెక్కేడు. ఈడు దిగి ఎల్లినాక మా ఇళ్లన్నీ కాలిపోనాయి. మరింకెవుడు సేసినట్టు?"

అప్పలరాజు ఉదయం ఆ స్తంభం ఎక్కిన మాట నిజమే. ఒక ఇంటికి కొత్త సర్వీసు వైరు కలిపాడు. జనం అనుమానంలో అన్యాయమేమీ లేదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ ఒక్క విషయం వాళ్లు చూడలేదు. కబురు తెలియగానే అతను పారిపోకుండా అక్కడికే పరిగెత్తుకొచ్చి సప్లై ఆపాడు.

నాది ఎలమంచిలి దగ్గర రైతు కుటుంబం. ఆఫీసులో పుస్తకాల తెలుగు మాట్లాడినా, సందుల్లో మా ఇంటి భాషే వచ్చేది. "బాబూ, సామాన్ల సంగతి తరవాత సూద్దాం. ఇళ్లల్లో మనుసులందరూ బాగున్నారా? ఎవులికైనా షాక్ కొట్టిందా?" అని అడిగాను.

సన్యాసిరావు ఏదో అనబోయి ఆగాడు. తల ఎత్తి తన కొట్టు పైన ఉన్న మేడ కిటికీ వైపు చూశాడు.

"మా యమ్మ పైనుంది. ఆక్సిజన్ మిషను మీద బతుకుతాది. అది కూడా ఆగిపోనాది మేడమ్."

ఒకే బండి మీద

మేడ మీదికి పరిగెత్తాను. సన్యాసిరావు తల్లి నూకరత్నమ్మ గారు మంచం అంచున ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చుని ఉన్నారు. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ భుజాలు పైకి లేస్తున్నాయి. పెదవులు నల్లబడుతున్నాయి. కోడలు పక్కన నిలబడి విసనకర్రతో విసురుతోంది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే ఆ పెట్టె మంచం పక్కన చల్లబడి పడి ఉంది. వెనక నుంచి కాలిన వాసన. అంబులెన్సుకు అప్పటికే ఫోన్ చేశారు. అది బయలుదేరిందట, కానీ మార్కెట్ ముందు లారీలు సరుకు దించుతున్నాయి.

కిందికి దిగి, పెద్దాసుపత్రి దగ్గర సిలిండర్లు అద్దెకిచ్చే కొట్లుంటాయి కదా, ఎవరైనా వెళ్లగలరా అని అడిగాను. సన్యాసిరావు బండి గోదాములో లారీ వెనక ఇరుక్కుని ఉంది. మెట్ల మీద కూర్చున్న అప్పలరాజు అప్పుడు నోరు విప్పాడు.

"నా బండి సందు బయటుంది మేడమ్. ఆ కొట్టు నాకు తెల్సు. కోవిడప్పుడు మా బామ్మర్దికి అక్కడే తెచ్చేను. నాను ఎల్తాను."

ఈడెల్తే మరి తిరిగి రాడు అని వెనక నుంచి ఎవరో అన్నారు. అతను వచ్చేదాకా నేను ఆ మెట్ల మీద కూర్చుంటానన్నాను. నిజంగానే కూర్చోబోయాను. సన్యాసిరావు నా వైపు, అప్పలరాజు వైపు మార్చి మార్చి చూశాడు. పైనుంచి తల్లి దగ్గు వినిపించింది.

"మీరు అమ్మ కాడ ఉండండి మేడమ్" అన్నాడు. అప్పలరాజు భుజం మీద చెయ్యి వేసి, "నడు, నానూ వత్తన్నాను" అన్నాడు.

అంతదాకా ఆ మనిషిని కదలనివ్వని వాడు అతని వెనకాలే బండెక్కి వెళ్లాడు.

నేను మేడ మీదికి వెళ్లి నూకరత్నమ్మ గారి పక్కన కూర్చున్నాను. కిటికీలన్నీ తెరిచాం. గదిలో ఉన్న అదనపు మనుషులను పంపించేశాం. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఒకసారి బిగుస్తుంది, ఒకసారి జారిపోతుంది. జారినప్పుడల్లా నేనే ఆ చెయ్యి తిరిగి పట్టుకునేదాన్ని. వైద్యం నాకు తెలియదు. నెమ్మదిగా అమ్మా, నెమ్మదిగా అనడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

సరిగ్గా అప్పుడే మా డివిజన్ ఇంజినీరు, అంటే డీఈ గారు ఫోన్ చేశారు. పైనుంచి ఒత్తిడి ఉందనీ, సప్లై వెంటనే ఇవ్వమనీ, ఆ లైన్‌మ్యాన్‌ని సస్పెండ్ చేశామని జనానికి చెప్పి గొడవ ఆపమనీ అన్నారు. తప్పెక్కడుందో చూడకుండా సప్లై ఇవ్వలేననీ, ప్రస్తుతం మాట్లాడే స్థితిలో లేననీ చెప్పి ఫోన్ పెట్టేశాను. అది ధైర్యమేమీ కాదు. ఆ చెయ్యి వదిలి మాట్లాడటానికి మనసు రాలేదు, అంతే.

సందు చివర హారన్ వినిపించింది. కిటికీలోంచి చూస్తే జనం గోడలకు అతుక్కుని దారి ఇస్తున్నారు. అప్పలరాజు బండి నడుపుతున్నాడు. వెనక సన్యాసిరావు, ఇద్దరి మధ్యా నల్లటి సిలిండరు. సన్యాసిరావు ఒక చేత్తో దాన్ని, మరో చేత్తో అప్పలరాజు నడుమును గట్టిగా పట్టుకున్నాడు.

ఇద్దరూ కలిసి దాన్ని మేడ మీదికి మోశారు. కోడలు గొట్టం తగిలించింది, డాక్టరు చెప్పిన కొలతకు తిప్పింది. మొదట ఏ మార్పూ లేదు. తరువాత భుజాలు కొంచెం కిందికి దిగాయి. పెదవుల రంగు మారింది. నా మణికట్టు వదిలేసి ఆవిడ దిండుకి ఆనుకుంది. సన్యాసిరావు గోడ పక్కన నేల మీద కూలబడి మొహం తువ్వాలుతో కప్పుకున్నాడు. గదిలోకి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డ అప్పలరాజు, గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి అంబులెన్సు వాళ్లూ నడిచి వచ్చారు. చూసి, ఇప్పుడు ఫరవాలేదు, సిలిండరు మాత్రం తీయొద్దన్నారు.

డీఈ గారు

ఇక మా పని మొదలైంది. సందు మొదటి నుంచి ఇల్లిల్లూ తిరిగాను. మొదట్లో ఉన్న టైలరు మిషనుకు ఏమీ కాలేదు. పక్కింటి టీవీ బాగుంది. అప్పలరాజు కొత్తగా కలిపిన ఇంట్లో ఒక్క బల్బు కూడా మాడలేదు. నష్టమంతా సందు మధ్యలో ఉన్న స్తంభం దాటిన తరువాతే. అప్పలరాజు చేసిన అతుకులో లోపముంటే మొదటి ఇళ్లు కూడా కాలాలి. అంటే తెగింది ఆ మధ్య స్తంభం దగ్గర.

నాతో వచ్చిన లైన్‌మ్యాన్ ఎక్కి, న్యూట్రల్ క్లాంపు విప్పి కిందికి తెచ్చాడు. సగం కరిగిపోయి ఉంది. లోపలంతా ఉప్పు తిన్న తెల్లటి పొడి.

దాన్ని చేతిలో పట్టుకుని ఉండగానే డీఈ గారు దిగారు. ఆయనది కృష్ణా జిల్లా. మా అందరికీ ఆయన కోపమంటే భయం. వస్తూనే, "నా ఫోన్ పెట్టేశారేంటండీ వరలక్ష్మి గారూ?" అన్నారు. క్లాంపు ఆయన చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. నా మాట నమ్మి ఊరుకోలేదు. తనే మొదటి ఇళ్లకు వెళ్లి అడిగారు. అప్పలరాజు ఎక్కిన స్తంభం మీది అతుకు కూడా విప్పించి చూశారు. అది గట్టిగా, శుభ్రంగా ఉంది.

తరువాత బెల్లం కొట్టు ముందుకు వచ్చి అందరికీ వినపడేలా చెప్పారు. "ఇందులో ఈ అబ్బాయి తప్పేమీ లేదండీ. పాడైన క్లాంపు మాది. సమయానికి మార్చాల్సింది మేము."

కొందరు గొణిగారు. అప్పలరాజు తల వంచుకుని చిరిగిన జేబును సరిచేసుకుంటున్నాడు.

ఈ డీఈ గారి గురించి నాకు మంచి అభిప్రాయమూ ఉంది, చెడ్డ అభిప్రాయమూ ఉంది. చూడకుండానే ఒకరిని బలిపెట్టడానికి సిద్ధపడ్డారు. అది తప్పు. పెద్ద కుర్చీల్లో కూర్చున్న వాళ్లకు ఇది తేలికగా అలవాటవుతుంది. కానీ చూశాక మాట మార్చుకోవడానికి సిగ్గుపడలేదు. తమ వైపు తప్పును నలుగురిలో ఒప్పుకునే అధికారులను నా ఉద్యోగంలో కొద్దిమందినే చూశాను. మీకు అలాంటి వాళ్లు దొరికితే వాళ్ల కోపాన్ని భరించండి.

రమణమ్మ ఫ్రిజ్

క్లాంపు మార్చడం చిన్న పనే. సప్లై ఇచ్చేద్దామని అందరూ తొందరపెట్టారు. నేను ఒప్పుకోలేదు. దెబ్బతిన్న ప్రతి ఇంట్లో ప్లగ్గులన్నీ తీయించాలి, వైరింగు చూడాలి అన్నాను. ఈసారి డీఈ గారు చొక్కా చేతులు మడిచి నాతో పాటు వచ్చారు.

సందు చివరి ఇల్లు రమణమ్మది. ఇంట్లోనే ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. ఫ్రిజ్‌కి ఏమీ కాలేదు, బానే ఉందని చెప్పింది. మాటల్లో ఇంకో సంగతి బయటపడింది.

"ఇందాక కరెంటు ఆపకముందు పిండి తీద్దామని తలుపట్టుకుంటే సెయ్యి జిల్లుమంది మేడమ్. తడి సెయ్యి కదా, అందుకేమో అనుకున్నాను."

ప్లగ్గు తీయించి బోర్డు విప్పించాను. ఎర్తు వైరు లేకపోవడంతో ఎవరో ఎలక్ట్రీషియన్ సాకెట్‌లో ఫ్రిజ్ ఒంటికి కలిసే ఎర్తు కాలును న్యూట్రల్ కాలుకు చిన్న తీగతో కలిపేశాడు. అంతా మామూలుగా ఉన్నంత కాలం దాని వల్ల ఏమీ కాదు. న్యూట్రల్ తెగిన క్షణం ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటు పాకుతుంది. అప్పలరాజు వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ ఆపకపోయి ఉంటే, రమణమ్మ ఇంకొక్కసారి తడి చేత్తో తలుపు పట్టుకుని ఉంటే ఏమయ్యేదో నేను ఆవిడకు చెప్పలేదు. ఆ ముక్క తీగ తీసి పారేయించి, ఎర్తు వేయించుకునేదాకా ఆ సాకెట్ వాడొద్దని మాత్రం చెప్పాను. బయటికి వచ్చాక డీఈ గారు అరుగు మీద కూర్చుండిపోయారు. నేనూ పక్కన చేరాను. ఆవిడ ఇంట్లో గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వింటూ కూర్చున్నాం.

కొత్తగా చేరేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కాలిపోయిన వస్తువు గురించి జనమే మీకు చెబుతారు. బాగున్నట్టు కనిపించేదాన్ని మీరే వెళ్లి చూడాలి.

కాలిపోయాయనుకున్న వాటిలోనూ చాలావరకు బతికాయి. మంచి తయారీ వస్తువుల్లో కరెంటు లోపలికి వచ్చే చోట నీలం రంగు బిళ్ల లాంటి ఒక చిన్న భాగం ఉంటుంది. వోల్టేజి మితిమీరితే ముందు అదే పగిలిపోతుంది, దాంతో ఫ్యూజు పోతుంది, మిగతా బోర్డు నిలుస్తుంది. పొగ, వాసన చూసి అంతా పోయిందని భయపడతాం. తరువాతి వారం మెకానిక్కులు విప్పి చూస్తే చాలా ఇళ్లలో పోయింది ఆ బిళ్లే. నూకరత్నమ్మ గారి ఆక్సిజన్ మిషను కూడా అలాగే బాగయింది. ఎవరైనా చూడకముందే కొత్తది కొనమని చెప్పే వాళ్లను నమ్మకండి. అలాగని మీకు మీరే స్విచ్ వేసి చూడమని కూడా చెప్పకండి. తెలిసినవాడు విప్పి చూసేదాకా దాన్ని ముట్టుకోవద్దని చెప్పండి, అంతే.

కరెంటు ఇచ్చాం

సాయంత్రం ఎండ తగ్గుతుండగా సప్లై ఇచ్చాం. ముందు ఒక్కో ఇంట్లో ఒక్క బల్బు మాత్రమే వేయమన్నాం. రమణమ్మ ఇంటి దగ్గర వోల్టేజి కొలిచే మీటరు పెట్టి చూశాను. వోల్టేజి సరిగ్గా ఉంది. అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ ప్రతి గుమ్మం దగ్గరా చూసుకుంటూ వచ్చాను. ఎక్కడా తేడా లేదు. గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు నా చేతిలో మీటరు వంకే చూస్తున్నారు. నేను తల ఊపినప్పుడల్లా ఒక్కో ఇంట్లో మాటలు మళ్లీ మొదలయ్యాయి.

చివరగా సన్యాసిరావు మేడ మీదికి వెళ్లాం. అప్పలరాజు కూడా వచ్చాడు. నూకరత్నమ్మ గారు దిండుకి ఆనుకుని కూర్చున్నారు. ముక్కు దగ్గర గొట్టం సర్దుకుని, అతని వంక కొంచెంసేపు చూశారు. ఆ రోజు ఆవిడ గొంతు వినడం నాకు అదే మొదటిసారి.

"ఎవులు బావూ నువ్వు?"

"కరెంటోన్నమ్మా."

"మరైతే ఆ ఫేనెయ్యి. ఉడికిపోతన్నాను."

అప్పలరాజు స్విచ్ మీద వేలు పెట్టి నా వైపు చూశాడు. నేను సాకెట్‌లో మీటరు పెట్టి ఇంకొకసారి చూసి, వెయ్యమన్నాను. ఫ్యాను కొంచెం మూలిగి, రోజూ తిరిగినట్టే తిరగడం మొదలుపెట్టింది. గదిలో అందరం తలలెత్తి దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆవిడ మాత్రం కళ్లు మూసుకుని, గాలి తగిలేలా మొహం పైకెత్తింది.

అప్పలరాజు చెప్పులు వెతుక్కుంటూ గుమ్మం వైపు వెళుతుంటే సన్యాసిరావు కుర్చీ ఒకటి తెచ్చి అతని ముందు వేశాడు.

"కూసో బావా," అన్నాడు. "టీ తాగి ఎల్దువు."